తుంగభద్ర కాలువ కిందికి వెళ్ళిన ముత్తాత: ముందు పొలాన్ని వెతకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ముత్తాతగారు కృష్ణా జిల్లా దివి తాలూకాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, "డ్యాం కట్టేటప్పుడు" పడమటికి, నిజాం రాజ్యంలోకి వెళ్ళి వ్యవసాయం చేశారు. ఇంట్లో మిగిలింది ఒక ఫొటో, ఎవరూ చదవలేని ఒక ఉర్దూ కాగితం. ఆయన జీవితం రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, అక్కడ ఆయన ఎలా బతికి ఉంటారు?

మనిషి పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. చాలామంది అక్కడే ఏళ్ళు పోగొట్టుకుంటారు. మన దేశంలో జనగణన పత్రాలు పేర్లతో బయటికి రావు, 1948 జనగణన చట్టమే వాటిని చూడనివ్వదు. పాత జనన మరణాల రిజిస్టర్లలో ఖాళీలు ఎక్కువ. రైతు గురించి వదలకుండా రాసిపెట్టింది ఒక్క భూమి కాగితమే. అమ్మిన చోట ఒక కాగితం, కొన్న చోట ఒక కాగితం, శిస్తు కట్టినంత కాలం ఏటా ఒక వరుస. ఆ పొలం సర్వే నంబరు దొరికితే ఆయన ఎప్పుడు వచ్చారు, ఎవరి దగ్గర కొన్నారు, ఏం పండించారు, ఎప్పుడు అప్పు చేశారు, ఎప్పుడు పోయారు అన్నవన్నీ దాని వెంటే వస్తాయి.

ముందు తేల్చుకోవాల్సింది "నిజాం రాజ్యం" అంటే ఏ మూల అని. కోస్తా రైతులు నిజాం ఇలాకాలోకి రెండు పెద్ద వలసలుగా వెళ్ళారు. మొదటిది మంజీర మీద నిజాంసాగర్ కిందికి, అంటే బోధన్, వర్ని వైపు. ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931కి పూర్తయింది. రెండోది తుంగభద్ర ఎడమ కాలువ కిందికి, రాయచూరు జిల్లాలోని గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలకు. ఆ డ్యాముకి శంకుస్థాపన 1945 ఫిబ్రవరిలో జరిగింది, కాలువలకు నీళ్ళు వదిలింది 1953 జులైలో. అప్పట్లో రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రమే, 1956 నవంబరు 1న మైసూరులో కలిసింది. కాబట్టి ఇంట్లో "నిజాం" అన్నా ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉండొచ్చు. మీవాళ్ళు "పడమటికి", "డ్యాం" అన్న మాటలు వాడుతున్నారంటే తుంగభద్రే అయ్యే అవకాశం ఎక్కువ. బోధన్ వెళ్ళినవాళ్ళ కథల్లో చెరకు, చక్కెర ఫ్యాక్టరీ తప్పకుండా వినబడతాయి. ఇంకో జాగ్రత్త: తుంగభద్ర కుడి వైపున్న బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట నిజాంవి కావు. అవి 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడి కాగితాల్లో ఉర్దూ ఉండదు. మీ దగ్గరున్నది ఉర్దూ కాగితం కనుక నది ఎడమ గట్టే చూడండి.

"డ్యాం కట్టేటప్పుడు" అన్న మాట ఎనిమిదేళ్ళ కాలం. దాన్ని బిగించడానికి ఇంట్లో పెద్దల మాటల్లోని గుర్తులు పట్టుకోవాలి. రజాకార్ల భయం గురించి చెబితే 1947, 48. హాలీ సిక్కా, అంటే నిజాం డబ్బు, చేతిలో పట్టుకున్నారంటే 1950లు దాటదు. లెక్కలన్నీ అణాల్లో చెబుతుంటే 1957 ఏప్రిల్‌కి ముందు, ఎందుకంటే నయాపైసలు వచ్చింది అప్పుడే. వెళ్ళిన కొత్తలోనే ఐఆర్-8 వరి వేశారంటే 1966కి ముందు వెళ్ళి ఉండరు. దివిసీమ ఉప్పెన తర్వాత వెళ్ళారని ఎవరైనా అంటే అది 1977 నవంబరు 19 తర్వాతి మాట, ఇంకో తరం వలస. "ఎప్పుడు వెళ్ళారు?" అని అడిగితే పెద్దవాళ్ళు ఏదో ఒక సంవత్సరం చెప్పేస్తారు, అది చాలాసార్లు తప్పు. "వెళ్ళేటప్పటికి కాలువలో నీళ్ళు పారుతున్నాయా, ఇంకా మట్టి తవ్వుతున్నారా?" అని అడగండి. ఆ జవాబు తప్పడం అరుదు.

ఇప్పుడు దివి తాలూకా సంగతి. భూమి అమ్మిన దస్తావేజు అక్కడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత సూచికలు వెతికించాలి. సూచికలు రెండు రకాలు. ఒకటోది మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద, అంటే గ్రామం, సర్వే నంబరు. దరఖాస్తులో రెండూ రాయండి. గ్రామం, ముత్తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు రాసి, 1944 నుంచి 1958 దాకా ఏళ్ళు అడగండి. ఆయన పేరుతో దొరక్కపోతే అన్నదమ్ముల పేర్లతో అడగండి. ఉమ్మడి ఆస్తి అమ్మినప్పుడు దస్తావేజు పెద్దాయన పేరుతో సూచికలో ఎక్కడం మామూలే. దొరికాక దస్తావేజు నంబరు, సంవత్సరం, 1వ పుస్తకంలో వాల్యూం, పేజీలు రాసుకుని నకలు తీయించండి.

ఆ ఆఫీసుకి వెళ్ళేముందు ఊరు ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉండేదో చూసుకోండి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది, అంతకు ముందు ఏలూరు కృష్ణా జిల్లాలోది. మండలాలు వచ్చింది 1985లో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ మారాయి. పాత కాగితంలో మండలం పేరు వెతకడం, కొత్త దరఖాస్తులో తాలూకా పేరు రాయడం, రెండూ పని ఆపేస్తాయి.

దివి తాలూకాలో చాలా గ్రామాలు చల్లపల్లి ఎస్టేటువి. మీ ఊరు అలాంటిదైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు రైతు శిస్తు కట్టింది జమీందారుకి, కనుక ఆ కాలపు సర్కారు పొలాల లెక్క అయిన అడంగల్‌లో ఆయన కనిపించరు. ఎస్టేటు సర్కారు చేతికి వచ్చాక చేసిన సెటిల్మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ అడగండి. ఆ ఊరిలో ఆ రోజు ఏ నంబరు ఎవరి చేతిలో ఉందో అందులో దొరుకుతుంది. అందులో మీ ముత్తాతగారు లేకపోతే అప్పటికే అమ్మేసి వెళ్ళారనుకోవచ్చు. లేకపోవడం కూడా ఒక తేదీయే.

నకలు చేతికొచ్చాక విస్తీర్ణం, సొమ్ము చూసి పక్కన పెట్టకండి. మొదటి పేరాలో అమ్మేవాళ్ళందరి పేర్లు, తండ్రుల పేర్లు, వయసులు, వృత్తి, నివాసం ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వాటా కూడా కలిపి అమ్మితే వాళ్ళ పేర్లు, సంరక్షకుడి పేరు రాస్తారు, మీ వంశవృక్షంలో ఒక తరం అక్కడే నిలబడుతుంది. ఆ తర్వాత ఎందుకు అమ్ముతున్నారో ఒక వాక్యం ఉంటుంది. మైనర్ల వాటా ఉన్నప్పుడు ఈ కారణం రాయకపోతే రేపు అమ్మకం చెల్లదంటారని లేఖరి దీన్ని వదలడు. పాత బాకీలు తీర్చడానికా, ఆడపిల్ల పెళ్ళికా, వేరే చోట భూములు ఖరీదు చేయడానికా, ఆ వాక్యంలో ఉంటుంది. బాకీ అయితే ఎవరికి బాకీయో కూడా ఉంటుంది. చివర హద్దులు. తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ బోదె అన్న ఆ నాలుగు వరుసలు మీ ముత్తాతగారి పొలం ఇరుగుపొరుగు. వెనక వైపు చూడండి, రిజిస్ట్రేషన్ రోజు, సంతకమో వేలిముద్రో, నిరూపించిన సాక్షులు ఇద్దరు. సాక్షులు తరచుగా బావమరిదో, వియ్యంకుడో, వలసలో తోడు వెళ్ళినవాడో అవుతారు. గంగావతి కాగితాల్లో అదే పేరు మళ్ళీ కనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బందరు, విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి, హోసపేట మీదుగా మీటర్‌గేజ్ లైను ఉండేది. హోసపేటలోనో బళ్ళారిలోనో దిగి, తుంగభద్ర దాటితే ఎడమ గట్టు. మొదట మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎండాకాలంలో వెళ్ళి నేల చూసి వస్తారు, బయానా ఇస్తారు, ఆ తర్వాత కుటుంబం కదులుతుంది. చూసిన ఏడాది, వెళ్ళిన ఏడాది, రిజిస్టర్ చేసిన ఏడాది మూడూ వేరు కావచ్చు. ఇంట్లో ముగ్గురు మూడు సంవత్సరాలు చెబితే ముగ్గురూ నిజమే చెబుతున్నారేమో చూడండి.

ఇక అటు వైపు. తెలుగు రైతులు దిగిన చోట్లని అక్కడ క్యాంపులు అంటారు, ఇప్పటికీ అదే పేరు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: క్యాంపు రెవెన్యూ గ్రామం కాదు. అది పాత కన్నడ గ్రామం సర్వే నంబర్లలో కట్టుకున్న నివాసం. క్యాంపు పేరుతో పహణి, అంటే ఏటా రాసే పొలం లెక్క, అడిగితే లేదంటారు. ఆ క్యాంపు ఏ రెవెన్యూ గ్రామం పొలిమేరలో ఉందో ముందు కనుక్కోవాలి. ఒక్కోసారి ఇళ్ళు ఒక గ్రామంలో, పొలం పక్క గ్రామంలో ఉంటుంది. సింధనూరు దగ్గర ఆర్.హెచ్. క్యాంపులని ఉంటాయి. అవి తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పడినవి, మీ వెతుకులాటకి సంబంధం లేదు. ఇంకో సంగతి, గంగావతి ఇప్పుడు రాయచూరు జిల్లాలో లేదు, 1997లో ఏర్పడిన కొప్పళ జిల్లాలో ఉంది. గంగావతి తాలూకా నుంచి కారటగి, కనకగిరి కూడా విడిపోయాయి. సింధనూరు, మాన్వి రాయచూరులోనే ఉన్నాయి.

మీ ఉర్దూ కాగితాన్ని మామూలు ఉర్దూ చదివేవాళ్ళకి ఇస్తే తల అడ్డంగా ఊపుతారు. కచేరీ ఉర్దూని శికస్తా అనే గొలుసుకట్టులో రాసేవాళ్ళు, చుక్కలు సగం వదిలేస్తారు. హైదరాబాదులోనో రాయచూరులోనో పాత రెవెన్యూ కాగితాలు చదివి తర్జుమా చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. తర్జుమా చేయించేటప్పుడు సారాంశం వద్దు, ప్రతి మాటా కావాలని చెప్పండి. అందులో చూసుకోవాల్సినవి కొన్ని. "వల్ద్" అంటే ఫలానావాడి కొడుకు. "కాబిజ్" అంటే స్వాధీనంలో ఉన్నవాడు. సొమ్ము దగ్గర "సిక్కా ఉస్మానియా" అనో "హాలీ" అనో ఉంటే నిజాం రూపాయలు, "కల్దార్" అని ఉంటే భారత ప్రభుత్వ రూపాయలు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌తో సమానం. దివిలో 6,000కి అమ్మి అక్కడ 7,000కి కొన్నట్టు కనిపిస్తే మధ్యలో వెయ్యి అప్పు చేశారని రాయకండి, రెండూ ఒకటే సొమ్ము. విస్తీర్ణం కూడా అంతే: మన వైపు ఎకరానికి వంద సెంట్లు, అక్కడ నలభై గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. "5-20" అని రాసి ఉంటే అయిదెకరాల ఇరవై గుంటలు, అంటే అయిదున్నర ఎకరాలు. దాన్ని అయిదెకరాల ఇరవై సెంట్లని చదివితే ముప్పై సెంట్లు మాయమవుతాయి. తేదీ ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటే 590 కలపండి. 1363 ఫసలీ అంటే 1953 జులై నుంచి 1954 జూన్. నిజాం కాలపు ఫసలీ మాత్రం అక్టోబరులో మొదలయ్యేది, అందుకని పాత కాగితాల్లో మూడు నెలల తేడా గుర్తుంచుకోండి.

సర్వే నంబరు తెలిశాక తహసీల్ ఆఫీసు రికార్డు గదిలో వరుసగా మూడు అడగాలి. మొదటిది 1954-55 ఖాస్రా పహణి. హైదరాబాదు రాష్ట్రం మొత్తానికి నంబరు వారీగా తయారు చేసినది, పట్టాదారు ఎవరు, స్వాధీనంలో ఎవరు అని విడివిడిగా చెబుతుంది. మీ కుటుంబానికి ఇది చాలా కీలకం, ఎందుకంటే నీళ్ళు వదిలిన ఏడాదిన్నర తర్వాతి చిత్రం ఇది. రెండోది ఆ తర్వాతి చేతిరాత పహణీలు. అక్కడ పహణీని ఆర్‌టీసీ అని కూడా అంటారు. మూడోది మ్యుటేషన్, అంటే పేరు మార్పిడి, రిజిస్టర్. కంప్యూటర్‌లో కర్ణాటక వాళ్ళ "భూమి" పోర్టల్ చూస్తే ఇటీవలివి తేలిగ్గా వస్తాయి, మీకు కావలసినవి మాత్రం పాత చేతిరాతవి.

ఆర్‌టీసీలో 9వ గడిలో యజమాని పేరు, 10లో అది ఎలా వచ్చింది, మ్యుటేషన్ నంబరు, 11లో అప్పులు, ఇతర హక్కులు, 12లో ఆ ఏడు సాగుచేసింది ఎవరు, ఏ పంట అన్నవి ఉంటాయి. అందరూ 9 చూసి వదిలేస్తారు. జీవితం రాయాలంటే మీరు కూర్చుని చదవాల్సింది 11, 12. పదేళ్ళ 12వ గడిని వరుసగా ఒక కాగితం మీదికి ఎత్తి రాయండి: జొన్న, జొన్న, పత్తి, జొన్న, వరి, వరి. జొన్న పక్కన వరి మొదలైన ఏడాదే ఆ మడికి కాలువ నీళ్ళు చేరిన ఏడాది. 11వ గడిలో సొసైటీ అప్పు కనిపిస్తే ఎడ్లకో, మడి చదునుకో, ఇంజనుకో తీసుకుని ఉంటారు, పక్క ఏడాది పంట చూసి ఊహించవచ్చు. 10వ గడిలో "పౌతి" అని ఉంటే యజమాని మరణం మీద వారసులకు మారిందని. ఆ మ్యుటేషన్ కాగితంలో చనిపోయిన తేదీ, వారసులందరి పేర్లు ఉంటాయి.

పేరు దగ్గర ఓపిక పట్టండి. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి గుమాస్తాకి అది అర్థంకాక వదిలేస్తాడు, లేదా దాన్నే మనిషి పేరనుకుంటాడు. "సుబ్బయ్య తందె రామయ్య" అని కనిపిస్తే తందె అంటే తండ్రి, ఇంటిపేరు కాదు. వెంకయ్య వెంకప్ప అవుతాడు, సుబ్బారావు సుబ్బరాయ అవుతాడు. ఉర్దూ నుంచి కన్నడానికి ఎక్కించినప్పుడు ఇంకోసారి మారుతుంది. పేరు సరిపోలేదని వదలకండి, తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలిస్తే ఆయనే.

అసలు పేరే లేకపోవడానికి మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, నాలుగైదు కుటుంబాలు కలిసి పెద్ద ముక్క కొని, ఒకరి పేరున రాయించుకుని, తర్వాత తెల్లకాగితం మీద పంచుకోవడం. ఇది ఆ వలసలో సాధారణం. అప్పుడు తోడు వెళ్ళినవాళ్ళ పేర్లతో వెతకాలి, దివి దస్తావేజు సాక్షులు ఇక్కడ పనికొస్తారు. రెండు, కొనకుండా కౌలుకి చేయడం. అప్పుడు 9లో స్థానిక యజమాని, 12లో మాత్రమే మీవారు. 1974 మార్చి 1 నుంచి కర్ణాటకలో కౌలు రద్దయి, సాగుచేస్తున్నవాళ్ళు ఫారం 7 పెట్టుకుని హక్కు అడిగారు. ఆ ఫైలు ఉంటే అందులో ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారో ప్రమాణపూర్వకంగా చెప్పిన మాట ఉంటుంది. మూడు, కొన్నా రిజిస్టర్ కాకపోవడం. 1950 హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ప్రకారం అధికారి ముందస్తు అనుమతి లేకుండా సాగుభూమి అమ్మకం చెల్లదు. అందుకని ఒప్పందం రాసుకుని భూమిలో దిగి, ఏళ్ళ తర్వాత అనుమతి తెచ్చుకుని రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. కాగితం తేదీ కంటే ఖాస్రాలో స్వాధీనం ముందే కనిపిస్తే ఇదే కారణం కావచ్చు.

ఆయన ఎలా బతికారన్నది మీ రెండో ప్రశ్న. దివి నుంచి వెళ్ళిన మనిషికి అక్కడ మొదట ఎదురైంది నేల. డెల్టాలో తరాలుగా చదునైన మడి, కట్టిన గట్టు, తెలిసిన బోదె. అక్కడ ఒరవైన, అంటే వాలుగా ఉన్న రేగడి, గరిక, తుమ్మ. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్ళు, వానకి కాలు దిగబడే జిగట. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన మీద జొన్న, పత్తి, వేరుశనగ పండే మెట్ట. దాన్ని వరిమడి చేయాలంటే మొదటి పని ఎత్తు గీకి పల్లంలో పోయడం. పెద్ద చదరం చేయాలని ఆశపడితే మట్టి మోత ఎక్కువ, పైగా పైమట్టి పోయిన చోట కింది సుద్ద తేలి పైరు పసుపు తిరుగుతుంది, పోసిన చోట మట్టి కుంగి నీళ్ళు గుంట కడతాయి. ఒకే మడిలో ఒక మూల పైరు మునిగి, ఇంకో మూల ఎండుతుంది. అందుకని తెలిసినవాళ్ళు ఒరవకి అడ్డంగా చిన్నచిన్న మడులు కట్టి, ఏటా దమ్ములో కొంచెం కొంచెంగా జరుపుతూ మూడు నాలుగేళ్ళకు చదును తెచ్చారు. పాత పొలాల్లో మడుల ఆకారం ఇప్పటికీ చూస్తే ఎవరు ఎలా చేశారో తెలుస్తుంది.

గట్టు ఇంకో బాధ. రేగడి గట్టు ఎండి పగిలితే రాత్రికి రాత్రి నీళ్ళన్నీ కిందివాడి చేలోకి పోతాయి. ఆరకుండా చూడాలి, ఎండ్రకాయ బొక్కలు పూడ్చాలి, పచ్చిమట్టితో మెత్తాలి. ఎడ్ల సంగతి కూడా వేరు. డెల్టా దమ్ముకి దున్నపోతులు చాలు, లోతు రేగడిని తెరవడానికి కృష్ణాలోయ జాతి లాంటి భారీ ఎడ్లు కావాలి. నారుమడి లెక్క మాత్రం మన లెక్కే, ఎకరానికి అయిదు సెంట్ల నారు, పాతిక కిలోల అటూ ఇటూ విత్తనం, నెలలోపు నారు పీకి నాటడం. జులైలో కాలువ వదలడం ఆలస్యమైతే నారు ముదురుతుంది, ముదురు నారు పిలకలు తక్కువ వేస్తుంది. కాలువ తేదీ కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది అందుకే.

నీళ్ళ కథ రాయకుండా ఆయన కథ పూర్తి కాదు. ఎడమ కాలువని వరి కోసం కట్టలేదు. కరువు ప్రాంతంలో ఎక్కువ ఎకరాలకి కొద్దికొద్దిగా నీళ్ళిచ్చి జొన్న, పత్తి లాంటి ఆరుతడి పైర్లు కాపాడాలన్నది ఉద్దేశం. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేయాలో సర్కారే నిర్ణయించి జాబితా చేసింది, దాన్ని లోకలైజేషన్ అంటారు. వరికి అనుమతి ఉన్న నంబర్లు కొన్నే. కోస్తా రైతుకి తెలిసిన పంట వరి, తూము దగ్గరున్నవాళ్ళు వరే వేశారు. వరి ఆరుతడి పైరు కంటే రెండు మూడు రెట్లు నీళ్ళు తాగుతుంది. ఫలితం, గంగావతి వైపు పచ్చగా ఉంటే మాన్వి, రాయచూరు చివర భూములు ఎండాయి. అనుమతి లేని చోట వరి వేస్తే అపరాధపు నీటిపన్ను పడేది. మీ ముత్తాతగారి నంబరు జాబితాలో వరికి ఉందా, ఆరుతడికి ఉందా అని నీటిపారుదల శాఖ కార్యాలయంలో అడగండి. తర్వాత ఆ పొలం కాలువ పై భాగంలో ఉందా, చివర ఉందా చూడండి. ఆయనకి కలిసొచ్చిందా, తిరిగి అమ్ముకున్నారా అన్నది చాలావరకు ఈ రెండింటి మీదే నడిచింది. పైభాగంలో ఉన్నా పల్లపు నేలలకి ఇంకో దెబ్బ తగిలింది. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచి ఉప్పు పైకి తేలి చౌడు పట్టింది. మురుగు కాలువ తీసి, జీలుగ వేసి కలియదున్ని, జిప్సం చల్లి బాగుచేసుకున్నవాళ్ళున్నారు, వదిలేసినవాళ్ళున్నారు. 12వ గడిలో వరి తర్వాత అకస్మాత్తుగా బీడు అని కనిపిస్తే ఈ కారణం ఆలోచించండి.

ఇల్లు మొదట గుడిసె, పొలం గట్టునే. తాగేది కాలువ నీళ్ళు. కొత్తగా తడి చేరిన నేల కనుక దోమలు, చలిజ్వరం. ఆడవాళ్ళు కొన్ని నెలలో, ఒక పంట తర్వాతో వచ్చేవాళ్ళు. మీ ముత్తవ్వ గురించి భూమి కాగితాల్లో ఒక్క వరుస కూడా దొరకకపోవచ్చు. ఆమె కోసం పిల్లల బడి చూడండి. బడి చేరిక రిజిస్టర్‌లో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అంతకుముందు చదివిన ఊరు ఉంటాయి. పెద్ద పిల్లవాడు దివిలో పుట్టి, చిన్నవాడు క్యాంపులో పుట్టి ఉంటే ఆమె ఎప్పుడు వచ్చిందో ఆ రెండు తేదీల మధ్య ఉంది. నాట్లకి, కోతలకి కోస్తా నుంచి కూలి కుటుంబాలు కూడా వెంట వెళ్ళాయి, కొన్ని అక్కడే నిలబడ్డాయి. వాళ్ళకి పట్టా ఉండదు. వాళ్ళ జ్ఞాపకం మాత్రం పొలం గురించి చాలాసార్లు యజమాని ఇంటివాళ్ళ కంటే కచ్చితంగా ఉంటుంది. తప్పకుండా వెళ్ళి అడగండి.

అమ్మిన స్థానిక రైతు పేరు కూడా మీ రాతలో ఉండాలి. కోస్తాలో ఒక ఎకరం అమ్మిన డబ్బుకి అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చాయి, ఎందుకంటే అమ్మినవాడికి అది వాన మీద బతికే మెట్ట. నీళ్ళు వచ్చాక దాని విలువ ఎంతవుతుందో కొన్నవాడికి డెల్టా అనుభవంతో తెలుసు, అమ్మినవాడికి తెలియదు. ఈ తేడా రాయకపోతే ముత్తాతగారి కష్టం మాత్రమే కనిపించి, ఆయన చేతికి వచ్చిన అవకాశం కనిపించదు.

అందరూ మరిచిపోయే ఒక ఫైలు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1973 భూపరిమితి చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, పరిమితి దగ్గర్లో ఉన్న రైతులు భూసంస్కరణల ట్రిబ్యునల్‌కి డిక్లరేషన్లు ఇచ్చారు. కర్ణాటకలో అదే పనికి ఫారం 11. వీటిలో భార్య, పిల్లలు, వయసులు, ఏ ఊళ్ళో ఏ నంబరు ఎంత ఉందో ఒకే చోట ఉంటుంది. మీ కుటుంబానికి రెండు రాష్ట్రాల్లోనూ భూమి మిగిలి ఉంటే రెండు చోట్లా వెతకండి. అప్పటికి ముత్తాతగారు లేకపోయినా తాతగారి పేరున దొరకవచ్చు.

వెళ్ళే క్రమం ఇలా పెట్టుకోండి. ముందు ఉర్దూ కాగితం తర్జుమా, అందులో గ్రామం, నంబరు ఉంటే సగం పని అయినట్టే. తర్వాత దివి తాలూకాలో, అవనిగడ్డ వైపు ఈసీ, దస్తావేజు నకలు. ఆపైన తహసీల్‌లో ఖాస్రా, పహణీలు, మ్యుటేషన్లు. కర్ణాటకలో ఈసీ ఇచ్చేటప్పుడు లావాదేవీలుంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16 ఇస్తారు. 16 చేతిలో పెడితే ఏళ్ళు సరిగ్గా రాశారో లేదో చూసి మళ్ళీ అడగండి. చివరికి సర్వే విభాగంలో ఆ నంబరు టిప్పణి, ఆకార్‌బంద్ నకళ్ళు తీసుకోండి. టిప్పణి అంటే కొలతలతో గీసిన పొలం చిత్రం, ఆకార్‌బంద్‌లో విస్తీర్ణం, ఖరాబు (సాగుకి పనికిరాని నేల), శిస్తు ఉంటాయి. అవి పట్టుకుని, క్యాంపులో పాతవాళ్ళని ఒకరిని వెంటబెట్టుకుని, కాలువ కట్టివేసిన ఏప్రిల్, మే నెలల్లో పొలానికి వెళ్ళండి. పైరు ఉన్నప్పుడు గట్లు కనబడవు, అప్పుడైతే తూము నుంచి చివరి మడి దాకా నడవవచ్చు. సర్వే రాయి గట్టు మట్టిలో పూడిపోయి ఉంటుంది, పార తీసుకెళ్ళండి.